మలబద్ధకం గురించి మాట్లాడటానికి సిగ్గెందుకు?

గత వేసవిలో మడకశిర దగ్గర ఒక ఊళ్లో స్త్రీల ఆరోగ్యం మీద రెండు రోజుల సమావేశం పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్ఫై మంది దాకా వచ్చారు. ఎవరికి ఏ బాధ ఉందో చెప్పమంటే నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, రక్తం తక్కువ, తెల్లబట్ట, షుగరు, గర్భసంచి ఆపరేషన్లు, ఇలా ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. నేను గోడకి అంటించిన చార్టు మీద రాస్తున్నాను. అప్పటిదాకా ఒక మూల కూర్చుని వక్కాకు నములుతున్న ఒక అవ్వ ఉన్నట్టుండి, "అన్నీ రాసినావు గానీ అమ్మా, అసలుది రాయలేదే! మూడు దినాలకు ఒకతూరి గూడా దొడ్డికి రాదు. వచ్చినా పాణం పోతాది. అది రోగం కాదా?" అంది.

అందరూ పకపకా నవ్వారు. నవ్వులు సర్దుమణిగాక ఒకామె నెమ్మదిగా, "నాకూ అంతే అవ్వా" అంది. పక్కనున్నామె, "నాకు పెండ్లయినప్పటి నుంచీ అంతే" అంది. చేతులెత్తమని అడిగితే సగం మందికి పైగా ఎత్తారు. ఆ సాయంత్రం దాకా మేం మాట్లాడుకున్నది ఇక ఆ విషయమే.

ఇంటికి వచ్చాక నా పాత పరిశోధన గ్రంథం తీసి చూసుకున్నాను. 2005లో పిహెచ్.డి. కోసం ఇదే ప్రాంతంలో నెలల తరబడి తిరిగాను. అందులో కరువు ఉంది, వలస ఉంది, ఎండిపోయిన బోర్లు, అప్పులు, కూలి రేట్లు, కట్నాలు అన్నీ ఉన్నాయి. ఇది మాత్రం లేదు. లేకపోవడానికి కారణం నాకు తెలియక కాదు. ఊళ్లలో తిరిగే రోజుల్లో బయటికి వెళ్లాల్సి వస్తుందని నేను కూడా ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేసేదాన్ని. కొన్ని నెలలకి మలద్వారం దగ్గర చీలిక వచ్చి, కూర్చోలేక, నిలబడలేక నానా బాధలూ పడ్డాను. చూపించుకున్న డాక్టరు తల ఎత్తకుండానే, "ఆకుకూరలు తినండి, నీళ్లు బాగా తాగండి" అని చీటీ రాసిచ్చారు. నీళ్లు ఎందుకు తాగడం లేదని అడగలేదు. నేనూ చెప్పలేదు. సోషియాలజీ చదువుకున్న నాకే అది నా సొంత నిర్లక్ష్యంగా తోచింది తప్ప, నాతో మాట్లాడిన స్త్రీలందరి బతుకులోనూ ఉన్న విషయం అని తట్టలేదు.

అందుకే ఈ సంచిక సంపాదకీయానికి ఈ విషయం ఎంచుకున్నాను. హక్కుల పత్రికలో మలబద్ధకం ఏమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. చివరిదాకా చదివి, అప్పుడు చెప్పండి.

ముందు మామూలు సంగతులు. రోజూ ఒకసారి విరేచనం కాకపోతే అది జబ్బేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎవరి అలవాటు వారిది. వారంలో మూడుసార్ల కంటే తక్కువ కావడం, గట్టి ఉండల్లా రావడం, బాగా ముక్కాల్సి రావడం, వెళ్లివచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టు ఉండటం, ఇవి వారాల తరబడి సాగితే దాన్ని మలబద్ధకం అంటారు. మనం తిన్నదాంట్లో అరగకుండా మిగిలిన పీచు, నీరు పెద్దపేగులోకి వస్తాయి. పెద్దపేగు పని ఆ నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఉంటే అంత నీరు పోతుంది, అంత గట్టిపడుతుంది. కాబట్టి మలబద్ధకానికి దారితీసే కారణాలను మూడు రకాలుగా చూడవచ్చు. పేగులోకి పీచు, నీరు తక్కువగా రావడం ఒకటి. పేగు కదలిక మందగించడం రెండోది. బయటికి పోవాల్సింది పోకుండా ఆగడం మూడోది.

ఇంతవరకు ఆడా మగా తేడా లేదు. అయితే వివిధ దేశాల్లో జరిగిన సర్వేల్లో చాలావరకు మలబద్ధకం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు రెండింతలు కనిపిస్తుందని చెబుతున్నాయి. ఇందులో కొంత శరీర ధర్మం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోను పేగుల కదలికను నెమ్మది చేస్తుంది. కాన్పుల్లో కటి కండరాలు దెబ్బతింటాయి. కానీ మిగిలినదంతా శరీర ధర్మమేనా? మడకశిర స్త్రీలు ఆ సాయంత్రం చెప్పిన మాటల్నిబట్టి చూస్తే కాదనే అనిపిస్తుంది.

మొదట ఆపుకోవడం గురించి. నిద్ర లేచాక, ఏదన్నా తిన్నాక పెద్దపేగు బలంగా కదులుతుంది. మలద్వారం దగ్గరికి మలం చేరినప్పుడు వచ్చే ఒత్తిడే మనకి 'వస్తోంది' అనిపించే సూచన. అప్పుడు వెళ్లకుండా బిగబడితే కాసేపటికి ఆ సూచన పోతుంది. రోజూ ఇలాగే చేస్తే మలం అక్కడే ఉండి గట్టిపడటమే కాకుండా, సూచన తెలియడం కూడా మొద్దుబారిపోతుంది. చదువుకున్న డాక్టరుకీ, చదువులేని అవ్వకీ తెలిసిన విషయమే ఇది. అయితే ఆడవాళ్లు ఎందుకు ఆపుకుంటారు?

"తెల్లారకముందే పోవల్ల, లేకుంటే పొద్దు మునిగినాంక పోవల్ల. నడిమధ్యన వస్తే యాడికి పోయేది అక్కా?" అని ఒకామె నన్ను ఎదురు ప్రశ్న వేసింది. తెల్లవారుజామున పొయ్యి, పశువులు, నీళ్లు, పిల్లలు. ఆ హడావుడిలో రాకపోతే ఇక రాత్రిదాకా అంతే. మగవాళ్లు ఏ పొద్దుటయినా చెంబు పట్టుకుని బయలుకి పోతారు. ఆడవాళ్లు పట్టపగలు కనబడితే సిగ్గు, చీకట్లో పోతే భయం. పాములు, తేళ్ల భయం కంటే మనుషుల భయం ఎక్కువ. పైగా బయలు కూడా ఎవరిదో ఒకరిదే. ఇదివరకు కంపచెట్ల చాటు ఉండేదనీ, ఇప్పుడు చాలాచోట్ల కంచెలు పడ్డాయనీ, చేలోకి పోతే చేనుగలవాళ్లు నానా మాటలూ అంటారనీ దళితవాడ స్త్రీలు చెప్పారు. సొంత భూమి లేని స్త్రీకి బయలు కూడా లేదన్నమాట.

మరుగుదొడ్లు రాలేదా అని అడగవచ్చు. వచ్చాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మిషన్ మొదలైంది. ఒక్కో ఇంటికి 12,000 రూపాయల సాయంతో దేశమంతటా కోట్ల కొద్దీ మరుగుదొడ్లు కట్టారు. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతంలో బహిరంగ మలవిసర్జన లేదని ప్రకటించారు. అదే 2019లో మొదలై 2021లో ముగిసిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం దేశంలో ప్రతి 100 కుటుంబాల్లో 19 కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. ప్రకటనకీ బతుకుకీ ఉన్న దూరం అది. కట్టినవి పనికిరావని నేను అనను. మా సమావేశానికి వచ్చినవాళ్లలో మరుగుదొడ్డి వాడుతున్నవాళ్లు, "ఇప్పుడు రాత్రిళ్లు నిశ్చింత" అనే చెప్పారు. కానీ కొన్ని ఇళ్లలో దాంట్లో కట్టెలు పేర్చారు. కొన్ని ఇళ్లలో గుంత నిండుతుందని ముసలివాళ్లకీ, కొత్త కోడలికీ మాత్రమే కేటాయించారు. అన్నిటికంటే ముఖ్యం, బయలుకి పోతే ఒక చెంబు నీళ్లు చాలు. మరుగుదొడ్డికి బకెట్ కావాలి. ఇంట్లో అయిదుగురుంటే ఆ బకెట్లన్నీ మోసేది ఎవరు?

అలా మాట నీళ్ల మీదికి వచ్చింది. ఇది కరువు పీఠభూమి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పడాల్సినప్పుడు పడదు. జిల్లాల విభజనలో 2022లో మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ మబ్బులకి ఆ సంగతి తెలియదు. చెరువులు ఎండి, బోర్లు లోతుకి పోయే కొద్దీ చాలాచోట్ల నీటిలో ఫ్లోరైడ్ పెరిగింది. ఇంటింటికీ కుళాయి అంటూ 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చింది. కుళాయి ఉండటం వేరు, నీళ్లు రావడం వేరు అని ఈ ప్రాంతం వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాగడానికి డబ్బు పెట్టి కొనుక్కున్న క్యాను నీళ్లు ఇంట్లో ముందు ఎవరికి? పిల్లలకి, మగవాళ్లకి, వచ్చినవాళ్లకి. ఇల్లాలు మిగిలితే తాగుతుంది. మిగిలినా తాగదు, ఎందుకంటే తాగితే బయటికి పోవాల్సి వస్తుంది.

ఇది బాగా ఆలోచించాల్సిన చోటు. నీళ్లు సరిపడా తాగేవాళ్లు ఇంకా ఎక్కువ తాగినందువల్ల మలబద్ధకం తగ్గిపోదు. కానీ ఎండలో చెమటోడ్చి పనిచేస్తూ పొద్దంతా రెండు లోటాలతో సరిపెట్టుకునే మనిషి శరీరం, ఉన్న నీటిని వదులుకోకుండా పేగులోంచి కూడా పీల్చుకుంటుంది. ఇలాంటి మనిషికి మూత్రంలో మంట, మూత్రపిండాల్లో రాళ్లు, మలబద్ధకం కట్టగట్టుకుని వస్తాయి. ఇక 'పీచు తినండి' అన్న సలహా సంగతి చూడండి. పీచు నీటిని పట్టుకుని మెత్తబడితేనే మేలు. నీళ్లు తాగకుండా ఇసబ్గోల్ లాంటి పొట్టు మింగితే కడుపు ఇంకా బిగుసుకుపోతుంది, పేగుకి అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. నీళ్ల సంగతి అడగకుండా పీచు సలహా ఇచ్చే వైద్యం సగం వైద్యమే.

పీచు అసలు ఎక్కడికి పోయింది? ఈ సీమ తిండి రాగిసంగటి. కొర్రలు, సామలు, ఆరికలు, జొన్నలు ఉండేవి. ఉలవలు, అనుములు, అలసందలు, కందులు చేలో కలిపి వేసేవారు. వానొస్తే గట్ల మీద చెంచలాకు, గురుగాకు తమంతట తామే మొలిచేవి. ఏరుకుని వండుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ ఏరడం, వండటం, ఏది ఎప్పుడు తినాలో తెలియడం అంతా ఆడవాళ్ల విద్య. వేరుశనగ వ్యాపార పంటగా జిల్లా అంతా పరుచుకున్నాక చిరుధాన్యాల చేలు కుదించుకుపోయాయి. మరోపక్క 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో కుటుంబాలను ఆకలి నుంచి కాపాడింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకి లేదు. అయితే రేషన్ అంటే పాలిషు పట్టిన బియ్యమే అన్న విధానం ముప్పూటలా తెల్లన్నాన్ని అలవాటు చేసింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంది. అంతే తూకం పాలిషు బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక గిన్నె అన్నం, పల్చటి చారు తిని లేచే స్త్రీకి అది ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇళ్లలో ఆడవాళ్లు చివర తింటారు. చివరికి అన్నం మిగులుతుంది, కూర మిగలదు. పప్పు మగవాడి కంచంలో, గోరుచిక్కుడు పిల్లల కంచంలో పోయాక గిన్నె అడుగున పులుసుతో ముద్ద కలుపుకుంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో రాగులు, కొర్రలు రంగురంగుల పొట్లాల్లో అమ్ముతున్నారు. వాటిని తరతరాలుగా పండించిన స్త్రీలు ఆ ధరకి వాటిని కొనలేరు.

మూడో సంగతి పని. ఒళ్లు కదలకపోతే పేగు కదలదని, నడవమని సలహా ఇస్తారు. కూలిపనికి పోయే స్త్రీకి కదలిక కొరత ఏముంటుంది? ఆమెకి కొరత ఉన్నది తీరిక, చాటు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2005 నాటి ఆ చట్టంలో పని జరిగే చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స, పసిపిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలని రాశారు. అది మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ ఆ పనులకి అంతమంది స్త్రీలు వస్తారని తెలిసి కూడా మరుగు మాట తలవలేదు.

ఈ చుట్టుపక్కల అమ్మాయిలు ఇప్పుడు వ్యాన్లలో హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలకి పోతున్నారు, బెంగుళూరుకి వలస పోతున్నారు. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి వస్తారు. పూటకి ఇన్ని ముక్కలు కుట్టాలని లెక్క. లేచి వెళితే లెక్క తప్పుతుంది, సూపర్‌వైజర్ కేక వేస్తాడు. "బాత్రూముకి పోతే వాచీ చూసుకుంటాడక్కా. ఆ వాచీ గుర్తొస్తే రావాల్సింది గూడా రాదు" అని ఇరవై రెండేళ్ల అమ్మాయి చెప్పింది. ఇరవై రెండేళ్లకే ఆమెకి మొలలున్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్‌లోనే, ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ కార్మికులకి అందుబాటులో ఉండేలా, ఆడా మగలకి వేరువేరుగా మరుగుదొడ్లు ఉండాలని రాశారు. కాగితం మీద హక్కు వచ్చి అన్నేళ్లయినా ఆ వాచీ అక్కడే ఉంది. గదిలో కూర్చుని తమలాగే ఆపుకుంటున్న షాపుల్లోని అమ్మాయిలు, బస్టాండుల్లో తిరిగే కండక్టర్లు, బడిలో సరైన వసతి లేని టీచర్లు కూడా ఈ వరసలోనివాళ్లే.

ఇది మార్చలేనిదేమీ కాదు. కేరళలో కోజికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు, తమకి మరుగుదొడ్డి లేదనీ, పొద్దంతా కూర్చోనివ్వరనీ సంఘం కట్టారు. 'పెణ్‌కూట్టు' అనే ఆ సంఘాన్ని నడిపించిన పి. విజి వృత్తిరీత్యా దర్జీ. ఏళ్ల తరబడి వాళ్లు చేసిన పోరాటం ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చునే హక్కు ఇచ్చింది. ముంబైలో 2011లో స్త్రీలు, మూత్రవిసర్జనకి మగవాళ్లకి ఉచితం, ఆడవాళ్లకి డబ్బులెందుకని ఉద్యమం నడిపారు. మొదట అందరూ నవ్వారు, మా సమావేశంలో నవ్వినట్టే. నవ్వులు ఆగేదాకా వాళ్లు మాట్లాడారు.

ఇక మందులు, జబ్బుల సంగతి. గర్భిణులకి రక్తహీనత రాకుండా ఆరు నెలలు, అంటే 180 రోజులు ఐరన్ మాత్రలు ఇస్తారు. కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. రెండూ అవసరమే. రెండూ మలబద్ధకం కలిగించగలవు. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వల్ల ఎంతోమంది మాత్రలు పెరట్లో పారేస్తున్నారు. అప్పుడు, 'ఈ ఆడవాళ్లకి మూఢనమ్మకాలు, మాత్రలు మింగరు' అన్న తిట్టు. ఆమె మూఢనమ్మకంతో మానలేదు. పట్టపగలు పోవడానికి చోటు లేనిచోట మలం రాయిలా గట్టిపడితే ఏమవుతుందో తెలిసి మానేసింది. మాత్ర మానేయాల్సిన పని లేదు. ఆశా కార్యకర్తతోనో, ఏఎన్ఎంతోనో చెబితే వేసుకునే సమయం, మోతాదు, మాత్ర రకం మార్చడానికి వీలుంది. మలాన్ని మెత్తబరిచే, గర్భిణులకి ఇబ్బందిలేని మందులు ఉన్నాయి. అడిగే అవకాశం, వినే ఓపిక ఉండాలి.

ఐరన్ ఒక్కటే కాదు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, అల్యూమినియం ఉన్న ఎసిడిటీ మందులు, కొన్ని రకాల బీపీ మందులు, మానసిక సమస్యలకి ఇచ్చే కొన్ని మందులు కూడా పేగును మందగింపజేస్తాయి. కొత్త మందు మొదలుపెట్టాక ఈ బాధ మొదలైతే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయకపోయినా మలబద్ధకం వస్తుంది, ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. ఒళ్లు బరువెక్కడం, నీరసం, చలి ఓర్చుకోలేకపోవడం, నెలసరి తేడాలు కూడా ఉంటే ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లలో పేగు నరాలు దెబ్బతింటాయి. దిగులు జబ్బు కూడా కడుపును బిగబడుతుంది. వయసు మీద పడ్డాక కదలిక తగ్గడం, పళ్లూడి మెత్తటి అన్నమే తినడం, ఇంట్లో ఒకరు తోడు వస్తే తప్ప లేచి పోలేకపోవడం అన్నీ కలుస్తాయి. కోడల్ని ఎన్నిసార్లు పిలుస్తామని నీళ్లు తాగడం మానేసిన అత్తలను నేను చూశాను. అత్తాకోడళ్ల గొడవగా మనం చూసేవాటిలో, ముసలివాళ్ల సంరక్షణ అంతా ఒక్క ఆడమనిషి మీద పడేసిన వ్యవస్థ ఉంటుంది.

ఈ బాధను పట్టించుకోకపోతే ఏమవుతుంది? గట్టి మలం చీలిక చేస్తుంది. చీలిక నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటాం, మలం ఇంకా గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి ముక్కడం వల్ల మొలలు వస్తాయి. కాన్పుల్లో బలహీనపడిన కటి కండరాలు ఇంకా సడలి గర్భసంచి జారడానికి ఇది కూడా తోడవుతుంది. ఆ సమావేశంలో యాభై దాటిన ఒకామె రెండో రోజు నన్ను పక్కకి పిలిచి, ఏడాదిగా రక్తం పడుతోందని చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బస్టాండు దగ్గర 'ఆపరేషన్ లేకుండా మొలలకి వైద్యం' అని బోర్డు పెట్టుకున్నవాడి దగ్గర మందు తెచ్చుకుని రాసుకుంటోంది. మనిషి సగమైంది. మగవాడికి చూపించాలంటే సిగ్గు, పెద్దాసుపత్రికి పోతే ఒక్క రోజు కూలి కాదు, నాలుగు రోజుల కూలి పోతుంది. ఆమెను పరీక్షకి పంపడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఎక్కువ సమయం భర్తని, కొడుకుని ఒప్పించడానికే పోయింది. పేగులో ఉన్నది మొలలు కాదని తేలింది. ఇప్పుడు వైద్యం జరుగుతోంది. ఏడాది ముందే ఆమె నోరు తెరిచి ఉంటే, వినే మనిషి ఒకరుంటే అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

కాబట్టి ఈ గుర్తులు అందరం తెలుసుకోవాలి. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై ఏళ్ల దరిదాపుల్లో విరేచనం తీరు ఉన్నట్టుండి మారడం, రక్తహీనత ఎంతకీ తగ్గకపోవడం, ఇవి ఉంటే మొలలే అని సర్దుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

1970ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ స్త్రీలు తమ శరీరాల గురించి తామే తెలుసుకుని 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' అనే పుస్తకం రాసుకున్నారు. మన తెలుగులో 1991లో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. గర్భం, కాన్పు, నెలసరి గురించి నోరు విప్పడం మనకి అలా అలవాటయింది. మలవిసర్జన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాం. మన శరీరం మనదే అన్నప్పుడు అందులో ఈ భాగాన్ని మినహాయించామా?

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వచ్చినప్పుడు ఆపుకోకుండా వెళ్లడం, పొద్దున ఏదన్నా తాగిన తర్వాత కొంచెం తీరిక చేసుకోవడం, గొంతుక్కూర్చోవడం, వారంలో కొన్ని పూటలైనా సంగటి, ఉలవలు, ఆకుకూర తినడం, దానికి తగ్గ నీళ్లు తాగడం. ఇంట్లో వండిన కూర అందరికీ సమానంగా పంచుకుని అందరూ కలిసి కూర్చుని తినడం కూడా ఈ జబ్బుకి మందే. ఇవన్నీ చెప్పి ఊరుకుంటే నేనూ ఆ చీటీ రాసిచ్చిన డాక్టరు లాగే అవుతాను. కాబట్టి అడగాల్సినవి కూడా అడుగుదాం. మరుగుదొడ్డి కట్టామని లెక్క చెప్పేవాళ్లను అందులోకి నీళ్లు వస్తున్నాయా అని అడుగుదాం. కూలిపని జరిగే చోట, ఫ్యాక్టరీలో, దుకాణంలో, బస్టాండులో ఆడవాళ్లకి శుభ్రమైన చోటు, దానికి వెళ్లివచ్చే సమయం కూలి కోత లేకుండా ఉండాలని అడుగుదాం. రేషన్ దుకాణంలో ఈ సీమలో పండే రాగులు, జొన్నలు, కందులు ఏడాది పొడుగునా ఇవ్వమని అడుగుదాం. ఐరన్ మాత్ర చేతిలో పెట్టే ఆరోగ్య కార్యకర్తకి, 'విరేచనం ఎట్లా అవుతోందమ్మా' అని అడిగే శిక్షణ, తీరిక రెండూ ఇవ్వమని అడుగుదాం.

ఆ రోజు చార్టు చివర చోటు లేకపోతే అంచున నిలువుగా రాశాను, 'మలబద్ధకం' అని. అవ్వకి చదువు రాదు. దగ్గరికి వచ్చి వేలు పెట్టి, "ఇదేనా నాది?" అని అడిగింది. అవునన్నాను. "ఇంత చిన్నగా రాస్తే యావరికి కనపడతాది?" అంది. తర్వాతి సమావేశానికి కొత్త చార్టు రాసుకున్నాం. ఈసారి దాన్ని మొదట రాశాం.

మీ ఊళ్లో, మీ పనిచోట పరిస్థితి ఎట్లా ఉందో మాకు రాయండి. పేరు లేకుండా అయినా సరే.